తుండు కింద చెయ్యి

ఇద్దరు మనుషులు ఒక్క ముక్క మాట్లాడుకోకుండా నలభై సెకన్లలో కూలి తేల్చుకున్నారు. ఒకడు మిజోరం నుంచి వచ్చిన విద్యార్థి, ఇంకొకామె నాసిక్ వైపు మనిషి. అతని భాష ఆమెకు రాదు, ఆమె భాష అతనికి రాదు. ఇద్దరి మధ్యా బల్ల మీద మూరెడు పొడవున ఒక గుడ్డగొట్టం. దానిలోకి అటు నుంచి ఒక చెయ్యి, ఇటు నుంచి ఒక చెయ్యి. ఆమెకు గోడకు రంగు వేయించాలి, అతను వెయ్యాలి. పక్కనున్న తెర మీద రెండు అంకెలు వెలిగాయి. ఎంత కూలి, ఎన్ని రోజులు. ఇద్దరూ చేతులు బయటికి తీసి, తెర వంక చూసి నవ్వుకున్నారు.

"ఇది నలభయ్యో జత ఫరీదా! ఇప్పటిదాకా మోసపోయామని ఒక్కరు కూడా అనలేదు," అని నేను గంతులేశాను. పీహెచ్‌డీ ఉన్న మనిషి ప్రయోగశాలలో అలా గంతులెయ్యకూడదని నాకూ తెలుసు.

ఆ యంత్రానికి మేం పెట్టుకున్న పేరు తుండు. పేరూ నాదే, ఆలోచనా నాదే. కాదు, నిజం చెప్పాలంటే ఆలోచన మా నాన్నది. ఆయన పేరు చెంచయ్య, కనిగిరి వైపు సంతల్లో పశువుల దళారీ. అక్కడ ఎద్దుల బేరం నోటితో జరగదు. అమ్మేవాడి తరఫు దళారీ, కొనేవాడి తరఫు దళారీ చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పి, లోపల వేళ్ళు నొక్కుకుంటారు. ఒక్కో వేలికి ఒక్కో లెక్క. చుట్టూ వందమంది మూగినా ధర ఎంతో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. చివర్న చేతులు గట్టిగా బిగించుకుంటే బేరం కుదిరినట్టు, ఆ తర్వాత మాట తిప్పుకోవడం ఉండదు. చిన్నప్పుడు ఇదంతా ఎన్నోసార్లు చూశాను. పెద్దయ్యాక నరాల శాస్త్రం చదివాను. రెండూ నా బుర్రలో ఒక రోజు కలిశాయి.

మనిషికి ఒక అంకె చూపిస్తే, చాలు అనో చాలదు అనో వాడు నోటితో చెప్పకముందే అరచెయ్యి చెప్పేస్తుంది. కాస్త చెమట, నాడిలో కాస్త తేడా, వేళ్ళ మొదళ్ళలో కాస్త బిగువు. తుండు లోపలి పొర అరచేతిని మెల్లగా నొక్కుతూ అంకెలు అడుగుతుంది. ఆ నొక్కుడు లెక్క ఎవరికైనా పది నిమిషాల్లో పట్టుబడుతుంది. రెండు చేతులూ ఒప్పుకునే అంకె దొరికేదాకా అడిగి, దొరకగానే గుడ్డ బిగుసుకుంటుంది. ఇంక మాట తిప్పుకోవడానికి లేదు. సంత ఆచారాన్ని కూడా తీసుకెళ్ళి యంత్రంలోకి ఎక్కించాను మరి.

ఇదంతా ఎందుకు చేశానంటే మా తమ్ముడి కోసం. వాడి పేరు మాల్యాద్రి. చీమకుర్తి క్వారీల్లో వైర్ సా నడుపుతాడు, అంటే వజ్రపు పూసలున్న తీగతో కొండని కేకు ముక్కల్లా కోసే పని. ఐదేళ్ళ కిందట ఒక ఏజెంటు వాణ్ణి గల్ఫుకు పంపాడు. ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ చేతిలో పెట్టింది ఇంకొకటి. ఇదేం అన్యాయం అని అడుగుదామంటే, తక్కువ అన్న మాట కూడా వాడికి ఆ భాషలో రాదు. ఆఫీసు ముందు చేతులు కట్టుకుని రెండు గంటలు నిలబడి, వెనక్కి వచ్చి పనిలో దిగాడు. ఆ సంగతి వాడు నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం ఆ ఏజెంటు గొంతు పిసకాలనిపించింది. అందుకే ఈ భూమ్మీద దళారీ అనేవాడు లేకుండా చేద్దామని కూర్చున్నాను. మా నాన్న కూడా దళారీయే కదా అని అప్పుడు గుర్తురాలేదు, వచ్చినా లెక్కచెయ్యలేదు.

ఫరీదా నాతోపాటు ఆ ప్రయోగశాలలో ఆరేళ్ళు పనిచేసిన మనిషి. నిదానస్తురాలు. నా గంతులు అయిపోయేదాకా ఆగి, "హైమా, ఒక మాట. ఈ నలభై జతలకీ మధ్యాహ్నం భోజనం మనమే పెట్టాం," అంది.

"పెడితే?"

"బేరం కుదరకపోతే వీళ్ళంతా హాస్టలుకి వెళ్ళి పడుకుంటారు. వీళ్ళకి పోయేదేం లేదు. పోయేది ఉన్నవాళ్ళ చేతులు మనం ఒక్కసారి కూడా చూళ్ళేదు."

"చెయ్యి ఎవరిదైనా చెయ్యే కదా!" అని ఆవిడ నోరు మూయించాను. తన అనుమానాన్ని ఆవిడ రిపోర్టులో చిన్న అక్షరాల్లో రాసింది. నేను ఆ పేజీ తిప్పేశాను.

ఉత్తరాన ఉన్న ఒక దేశం తుండుని అందరికంటే ముందు కొనుక్కుంది. సంతకాలు చేసిన కాగితాల ప్రకారం ఆ దేశం పేరు నేను రాయకూడదు. చలి దేశం, రాతి దేశం, పని చేసేవాళ్ళు చాలని దేశం అని మాత్రం చెప్తాను. ఏ దేశం నుంచి వచ్చిన కూలీ అయినా అక్కడ తుండులో చెయ్యి పెట్టి తన జీతం తానే తేల్చుకోవాలని చట్టం చేశారు. ప్రతి రెండు నెలలకీ జీతం బేరం మళ్ళీ జరగాలి. దానికి నియమాలు రాసే పని నాకే అప్పజెప్పారు. కళ్ళు నెత్తికెక్కి ఉన్న రోజులవి.

కూలివాడి వైపు పెట్టే చెయ్యి ఆ కూలివాడిదే అయి ఉండాలని రాశాను. ఆ చెయ్యి ఏ కారణం చేతనైనా పలక్కపోతే రక్తసంబంధం ఉన్నవాళ్ళు పెట్టవచ్చు. ఇంకెవరు పెట్టినా తుండు పనిచెయ్యదు. ఏజెంటు అనేవాడు దూరడానికి సందు లేకుండా ఆ ఒక్క పేరా మీద రెండు నెలలు కూర్చున్నాను. రెండో వైపు గురించి "యాజమాన్యం తరఫున ఒక చెయ్యి" అని రాశాను. దానికి అర నిమిషం పట్టింది.

మాల్యాద్రి ఆ దేశానికి బయల్దేరే ముందు వారం నేను తుండుని ఇంటికి తీసుకెళ్ళాను. వాడి పెళ్ళాం కోటేశ్వరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చపాతీలు చుట్టే గుడ్డలాగా ఉంది వదినా," అంది. మాల్యాద్రి చెయ్యి పెట్టి కితకితలు పెట్టినట్టు నవ్వాడు. నాన్న మాత్రం చెయ్యి లోపలికి పోనిచ్చి, నొక్కుడు మొదలవగానే వెనక్కి లాక్కున్నాడు.

"ఇందులో దళారీ యాడున్నాడమ్మా?"

"లేడు నాన్నా. అదే దీని గొప్ప."

"మరి అవసరం ఉన్నోడి చెయ్యి ఎవరు దాస్తారు?"

నాకు అర్థం కాలేదు. ఆయన తువ్వాలుతో అరచెయ్యి తుడుచుకుంటూ చెప్పాడు. "సంతకి ఎద్దుని తోలుకొచ్చినోడు ఊరికే రాడు గదా. ఇంట్లో ఏదో ఇరుకు ఉంటేనే వస్తాడు. వాడి చెయ్యి తుండు కింద పెడితే వణుకుద్ది. ఆ వణుకు అవతలోడికి తెలిస్తే సగం ధర పోద్ది. అందుకని నా చెయ్యి పెడతాను. నాకు ఆ ఎద్దు పోతే ఏంది, ఉంటే ఏంది? నా చెయ్యి వణకదు. దానికే నాకు నాలుగు డబ్బులు ఇచ్చేది. అంతెందుకు, మన గిత్తల్ని అమ్మిన రోజున నేను చెయ్యి పెట్టలా. పక్కూరు దళారీని పిలిచి ఆయన చేత పెట్టించా. మన సొమ్ముకి మనం చెయ్యి పెట్టకూడదమ్మా."

"అది మీ కాలం నాన్నా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొదటి బేరం బ్రహ్మాండంగా జరిగింది. ఆ దేశపు మనిషికి ఇచ్చే జీతం వంద అనుకుంటే మాల్యాద్రికి ఎనభై నాలుగు వచ్చింది. మూడేళ్ళ ఒప్పందం. వాడు ఫోన్ చేసి, "అక్కా, నోరు మెదపకుండా ఎనభై నాలుగు! ఏజెంటు గాడు ఉంటే ముప్ఫైకి అమ్మేసేవాడు," అని కేకలు పెట్టాడు. కోటేశ్వరి వీధి మొత్తానికి బూంది మిఠాయి పంచింది. నాకు ఢిల్లీలో ఒక శాలువా కప్పారు.

రెండు నెలలకు అది డెబ్భై ఒకటి అయింది. పనిలో తేడా లేదు, రాయిలో తేడా లేదు. వాడు కోసే బ్లాకులు ఇంకా పెరిగాయి కూడా. ఎందుకు తగ్గిందని నేను అడిగితే, "ఏమో అక్కా. ఆ టయానికి అది సబబుగానే అనిపించింది. బయటికొచ్చాక గదా తక్కువని తెలిసింది," అన్నాడు. ఫోన్ పెట్టేశాక లెక్కలు వేసుకుంటే తట్టింది. ఆ బేరానికి నాలుగు రోజుల ముందే కోటేశ్వరి తనకు నెల తప్పిందని వాడికి చెప్పింది.

ఆ తర్వాతి బేరం ముందు నాన్న జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. మాల్యాద్రి జీతం యాభై ఎనిమిది అయింది.

ఆ రోజు కోటేశ్వరి నాకు ఫోన్ చేసింది. చదువుకున్నది పదో తరగతే అయినా నా ప్రయోగశాలంతా కలిసి చూడలేనిది చూసింది. "వదినా, మేం ఇక్కణ్ణుంచి ఏం చెప్తే అది ఆయన చేతిలోకి పోతంది. ఆ గుడ్డ మా ఇంటి సంగతులన్నీ చదువుతంది. ఇంక ఆయనకి ఏం చెప్పను. మీరూ చెప్పబాకండి."

అప్పటి నుంచి మా ఇంట్లో అబద్ధాలు మొదలయ్యాయి. వాడు ఫోన్ చేసే వేళకి నాన్న మంచం దిగి, గోడ పట్టుకుని నిలబడి, నడుస్తున్నట్టు మాట్లాడేవాడు. కోటేశ్వరికి బీపీ పెరిగి ఒంగోలు ఆసుపత్రిలో చేర్చారు. అక్కణ్ణుంచే, "పుట్టింటికి వచ్చాలే, ఎనక అరుపులు మా పిన్ని పిల్లలయి," అని చెప్పింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. గాజు పెట్టెలో పదహారు రోజులు పెట్టారు. ఆ పదహారు రోజులూ తండ్రికి కూతురు పుట్టిన సంగతి తెలియదు. మధ్యలో ఐదో రోజున బేరం ఉంది కాబట్టి మేం చెప్పలేదు. చెప్పొద్దని గట్టిగా పట్టుబట్టింది నేనే.

ఏం లాభం? మనం నోరు మూసుకుంటే వాడికి అనుమానం రాదా? ఇంట్లో అందరూ బాగున్నాం బాగున్నాం అంటూ రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేస్తుంటే, వాడు లేని చావులు కూడా ఊహించుకున్నాడు. ఆ బేరంలో వాడికి ముప్ఫై ఎనిమిది వచ్చింది.

నేను ఫరీదా దగ్గరికి వెళ్ళి తల దించుకుని నిలబడ్డాను. ఆవిడ లెక్కలన్నీ తెప్పించి చూసింది. ఆ దేశంలో తుండు కింద చెయ్యి పెట్టిన కూలీల్లో నూటికి తొంభైమందికి ప్రతి బేరంలోనూ జీతం తగ్గుతూ వచ్చింది. ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఫిర్యాదు ఎలా ఉంటుంది? వాళ్ళు ఒప్పుకోగల అంకెనే గదా యంత్రం వెతికి పట్టుకుంటోంది.

"తుండుని ఆపించమని రాద్దాం," అన్నాను.

"రాశాను. వాళ్ళకి నచ్చిన యంత్రం అట. ఇంతవరకూ ఒక్క సమ్మె జరగలేదట. ఢిల్లీవాళ్ళు నీకు ఇంకో శాలువా కప్పుతామన్నారు," అంది ఫరీదా.

ఆ వారంలోనే క్వారీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. మీ తమ్ముడి చెయ్యి తుండుకు పలకడం లేదు. నియమం ప్రకారం రక్తసంబంధీకులు వచ్చి చెయ్యి పెట్టవచ్చు. పది రోజుల్లో బేరం తేలకపోతే, తేలేదాకా జీతం లేకుండా పాత పనే చెయ్యాలి. ఇదీ అందులో ఉన్న సంగతి. ఆ నియమం కింద అచ్చులో నా పేరే ఉంది.

బయల్దేరే ముందు నాన్నకు చెప్పాను. "నువ్వు పెట్టబాకమ్మా. ఆ ఫరీదమ్మని పంపించు," అన్నాడు.

"పరాయివాళ్ళు పెడితే పనిచెయ్యదు నాన్నా. నేనే అట్లా చేశాను."

"ఎందుకట్టా చేశావమ్మా?" అని అడిగాడు. ఆయన నన్ను తప్పుపట్టలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

నేను క్యాంపుకి చేరేసరికి మధ్యాహ్నం. కొండని మెట్లు మెట్లుగా కోసేశారు. మెట్ల మీద మంచు, మంచు మీద రాతిపొడి. క్యాంపు వరండాలో ఒక నీలం పీపా ఉంది. పీపా నిండా ఐసు తేలే నీళ్ళు. దాని చుట్టూ ఐదుగురు మనుషులు నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచి, కుడి చేతులు మోచేతి దాకా ముంచి ఉన్నారు. పళ్ళు బిగబట్టుకుని నేల వంక చూస్తున్నారు.

"రేపు బేరం ఉన్నోళ్ళు అక్కా. చెయ్యి చచ్చిపోతే వణకదని అట్టా చేస్తన్నారు," అన్నాడు పక్కకొచ్చి నిలబడ్డ మాల్యాద్రి.

నేను వాడి ముఖం కంటే ముందు చెయ్యి చూశాను. నాలుగు వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి. నాకు టీ పోసి, తన గ్లాసు పట్టుకునేటప్పుడు వేళ్ళ వంకే చూస్తూ పట్టుకున్నాడు. చూపు తిప్పితే గ్లాసు జారిపోతుందట.

"ఎన్నాళ్ళు పెట్టావురా ఇట్లా?"

"నెలన్నర. రోజూ గంట. ముప్ఫై ఎనిమిదికి వచ్చాక ఇంక ఏం చెయ్యమంటావు? బాగా చంపేసినట్టున్నా, గుడ్డకి అసలు అందట్లా." సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "పాప ఎట్టుందక్కా? ఫొటోలో కోటేశ్వరి పోలికే కనపడతంది."

"నీ ముక్కే. వచ్చి చూసుకో." అప్పుడే అడిగాను, అడక్కుండా ఉండాల్సింది. "మరి ఈ చేత్తో వైరు దగ్గర ఎట్లా పనిచేస్తున్నావు?"

వైరు తెగే ముందు మిషను పైపు సన్నగా అదురుతుందట. ఆ అదురు అరచేతికి తెలియగానే మిషను ఆపేసి పక్కకి తప్పుకోవాలి. పదేళ్ళుగా వాడు బతికి బట్టకట్టింది ఆ చేతి తెలివితోనే. "ఇప్పుడు చేతికి తెలీట్లేదక్కా. పైపుకి చెవి ఆనించి వింటన్నా. పోయిన వారం ఇనపడకముందే తెగింది." తన చెవి పక్కనుంచి గాలిని చూపించాడు. "ఇంత దూరంలో పోయింది."

తెగిన వైరు తుపాకీ గుండులా పోతుందని నాకు తెలుసు. చీమకుర్తిలో అలా పోయినవాళ్ళు ఎవరెవరో కూడా తెలుసు. జీతం సంగతి, న్యాయం సంగతి, నేను దారి పొడవునా రాసుకున్న వాదనలు, అన్నీ ఆ క్షణాన వెనక్కి పోయాయి. వీడు ఆ వైరు దగ్గర ఇంకొక్క రోజు నిలబడకూడదు, అంతే.

క్వారీ ఆఫీసు వెచ్చగా ఉంది. మేనేజరు ఇర్సా అనే నడివయసు ఆవిడ. నా ఇంగ్లీషు, ఆవిడ ఇంగ్లీషు కలిపితే ఒక మాదిరిగా పని జరిగింది. ఎంతో మర్యాద చేసింది. తుండుని కనిపెట్టిన మనిషి తమ క్వారీకి రావడం గౌరవమంటూ కాఫీ ఇచ్చింది. మాల్యాద్రిని వైరు నుంచి తప్పించి పాలిష్ షెడ్డులో వెయ్యమని అడిగాను.

"తప్పకుండా. పని మారితే ఒప్పందం కొత్తది అవుతుంది. జీతం, సంవత్సరాలు, రెండూ తుండు తేలుస్తుంది. మీకు తెలియనిదా?" అంది.

"మీ తరఫున చెయ్యి పెట్టేది మీరేనా?"

ఆవిడ కిటికీ వైపు చూపించింది. అక్కడ ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని చాకుతో యాపిల్ చెక్కు తీస్తున్నాడు. ఒకప్పుడు బడిలో సంగీతం చెప్పేవాడట. పింఛను వస్తుంది, సొంత ఇల్లు ఉంది, తోట ఉంది. వారానికి రెండు రోజులు వచ్చి చెయ్యి పెట్టి పోతాడు. ఇక్కడే కాదు, చుట్టుపక్కల ఆరు క్వారీలకూ ఆయన చెయ్యే.

"ఈయనకి ఈ కంపెనీతో ఏం సంబంధం?" అన్నాను.

"ఏ సంబంధమూ లేదు. మొదట్లో మా యజమాని పెట్టేవాడు. ఆయనకి ఆర్డర్ల కంగారు, చెయ్యి వణికేది, జీతాలు పెరిగేవి. ఈయనకి బేరం కుదిరినా ఒకటే, కుదరకపోయినా ఒకటే. నియమంలో మీరు రాసింది ఒక చెయ్యి అనే కదా," అంది ఇర్సా. ఆవిడ గొంతులో వెటకారం లేదు. కాఫీలో చక్కెర చాలిందా అని కూడా అడిగింది.

దళారీని ఈ భూమ్మీద లేకుండా చేద్దామనుకున్నాను. మావాళ్ళ వైపు తీసేశాను, అంతే. వాళ్ళు తమ వైపు మంచివాణ్ణి చూసి పెట్టుకున్నారు.

అయినా నాకు ధైర్యం ఉంది. ఆ యంత్రంలో ప్రతి పోగూ నా చేతి మీదుగా పోయిందే. ప్రయోగశాలలో సరదాకి దాన్ని ఏమార్చి చూసేదాన్ని. శ్వాస అదుపులో పెట్టుకుని, పదిహేడో ఎక్కం తలుచుకుంటూ కూర్చుంటే నా చెయ్యి దానికి దొరికేది కాదు. పదిసార్లలో ఏడుసార్లు గెలిచాను. మాల్యాద్రికి ఎనభై దాకా లాగుతానని, ఏడాది మించి ఒప్పుకోనని మనసులో గట్టిగా అనుకుని చెయ్యి లోపల పెట్టాను.

పెద్దాయన యాపిల్ పక్కన పెట్టి, రుమాలుతో తడి తుడుచుకుని, అటువైపు నుంచి చెయ్యి పెట్టాడు. పొడిగా, చల్లగా ఉంది. బల్ల కోడు తగిలినట్టు ఉంది. నన్ను చూసి పలకరింపుగా తలూపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నొక్కుడు మొదలైంది. పదిహేడు ఒకట్ల పదిహేడు. పదిహేడు రెండ్ల ముప్ఫై నాలుగు. ఎనభై అడిగింది, చెయ్యి గట్టిగానే ఉంది. ఒక ఏడాది అడిగింది, గట్టిగానే ఉంది. పదిహేడు ఐదుల దగ్గరికి వచ్చాను.

అప్పుడు కొండ మీద మిషను మొదలుపెట్టిన చప్పుడు వినిపించింది. నేనూ పెద్దాయన చూస్తున్న వైపే చూశాను. మూడో మెట్టు మీద, మంచులో, వంగి పైపుకి చెవి ఆనించి ఉన్న మనిషి కనిపించాడు. పచ్చ స్వెట్టరు. నేను పంపిందే. షిఫ్టు మొదలైనట్టుంది.

ఎక్కం మధ్యలో ఎక్కడికి పోయిందో తెలియదు. వాడి తల, ఆ పైపు, ఆ తీగ. వాణ్ణి అక్కణ్ణుంచి లేపండి, ఇప్పుడే లేపండి, ఏం కావాలంటే అది తీసుకోండి. నేను పైకి ఒక్క మాట కూడా అనలేదు. గుడ్డ లోపల ఏవో అడుగుతూనే ఉంది, నా చెయ్యి ఒప్పుకుంటూనే ఉంది. పెద్దాయన చెయ్యి అంగుళం కదల్లేదు. కాసేపటికి గుడ్డ మెత్తగా బిగుసుకుంది.

నిజంగా నాకు ఎంతో హాయిగా అనిపించింది. మోయలేని బరువు దించుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాను. తెర వంక చూడాలని కూడా తోచలేదు. పెద్దాయన మళ్ళీ యాపిల్ అందుకున్నాడు. ఇర్సా ఫోన్ ఎత్తి ఏదో చెప్పింది, కొండ మీద మిషను చప్పుడు ఆగింది. ఒప్పందం కాగితం ముద్రించి నా చేతికిస్తే, అందుకుని మెట్లు దిగి పరిగెత్తాను.

మాల్యాద్రి మంచులో అడుగులు వేసుకుంటూ ఎదురొచ్చాడు. వాడి భుజాలు పట్టుకుని ఊపేశాను. "అయిపోయిందిరా! ఇంక వైరు దగ్గరికి పోనక్కర్లేదు. రేపటి నుంచి షెడ్డులో. కాగితం కూడా ఇచ్చేశారు."

వాడి ముఖం వెలిగిపోయింది. "ఎంతకి తేల్చావక్కా?" అంటూ కాగితం తీసుకున్నాడు. వేళ్ళకి తెలియక ఒకసారి జారవిడిచి, వంగి తీసుకుని, మంచు దులిపి చదివాడు. ఆ దేశపు భాష వాడికి రాకపోయినా అంకెలు వస్తాయి. ఒకసారి చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివాడు.

నేను అప్పుడు చూశాను. జీతం పదకొండు. సంవత్సరాలు తొమ్మిది.

గుడ్డ బిగుసుకున్నాక మాట తిప్పుకోవడానికి లేదు. ఇంకెవరికి తెలియకపోయినా అది నాకు తెలుసు. వాడికీ తెలుసు. అందుకే ఇదేంటని అడగలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్వెట్టరు లోపల దాచుకున్నాడు. నేను ఏడుస్తుంటే నల్లబడ్డ వేళ్ళతో నా తల నిమిరాడు. నేను ఎక్కడ ఉన్నానో చూసుకుంటూ నిమిరాడు.

"ఎంత భయపడ్డ రోజునైనా నేను ముప్ఫై ఎనిమిది దిగలేదు," అన్నాడు. "నాకంటే నీకే అవసరం ఎక్కువైందే అక్కా."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.